ఆలస్యమైతే ఆగుతం, జవాబే లేకపోతే ఎట్ల?

ఇయ్యాల జర పొడుగు పోస్టు పెడుతున్నం. ముచ్చట కంప్యూటర్ స్క్రీన్ గురించి. "మనకు ఉన్న బాధలు సాలవా, ఇదొకటా" అని పక్కకు జరపకుండా చివరిదాకా చదవండి. ఎందుకంటే ఇందులో తప్పు మాదే. ఆ తప్పుకు మన తల్లుల్లో ఒకామె ఒక రోజు కూలి పోగొట్టుకున్నది.

మాది జగిత్యాల జిల్లా, బుగ్గారం మండలం. చుట్టుపక్కల తండాల నుంచి, గూడేల నుంచి చదువుకునే పిల్లలం కొందరం ప్రతి ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుల టైంలో ఒకచోట కూర్చుంటం. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, ఇద్దరు ముగ్గురి ఫోన్లు. గదే మా ఆఫీసు. వచ్చినోళ్ల కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్, మార్కుల మెమో, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు ఫోన్‌తో ఫొటోలు తీస్తం. కానీ ఫోన్ ఫొటో పెద్దగుంటది, దరఖాస్తు పేజీ చిన్న ఫైల్ అడుగుతది. ఒక్కొక్క ఫొటోను చిన్నగ చేసి, పీడీఎఫ్ చేసి, పేరు పెట్టి పెట్టాలంటే ఒక్క మనిషికే అర్ధగంట పడుతుండె. అందుకే కంప్యూటర్స్ చదివే మా తమ్ముళ్లు ఇద్దరు పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసిండ్రు. ఒక విండో, అందులో ఒకే బటన్: "ఫైళ్లు తయారు చెయ్యి". నొక్కితే ఫోల్డర్‌లో ఉన్న ఫొటోలన్నీ చిన్నగై పీడీఎఫ్‌లు అవుతయి. మేం మస్తు మురిసినం.

పత్తి ఏరే రోజులు. డిగ్రీ ఫస్టియర్ చెల్లె ఒకామె వాళ్ల అవ్వను తీసుకొని వచ్చింది. అవ్వ ఆ రోజు కూలి వదులుకొని వచ్చింది. ఫొటోలు తీసినం, ల్యాప్‌టాప్‌లో వేసినం, "ఈ బటన్ నొక్కు చెల్లె, అయితది" అని చెప్పి జిరాక్సు కోసం బయటికి పోయినం. చెల్లె నొక్కింది. ఆ ఫోల్డర్‌లో ఆమెవే కాదు, అప్పటిదాకా వచ్చినోళ్లందరి ఫొటోలు మూడు వందలకు పైన ఉన్నయి. ప్రోగ్రాం అన్నింటినీ మొదటి నుంచి పట్టుకున్నది. ఆ పాత ల్యాప్‌టాప్ మీద అది ఆరు నిమిషాల పని.

చెల్లెకు ఆ సంగతి ఎట్ల తెలుస్తది? నొక్కిన బటన్ నొక్కినట్టే లోపలికి పోయి ఉండిపోయింది. విండో తెల్లగ పాలిపోయింది. పైన "నాట్ రెస్పాండింగ్" అని పడ్డది. మళ్లీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. మూసెయ్యాలా, ఆగాలా అని విండోస్ అడిగింది. భయపడి పవర్ బటన్ ఒత్తిపట్టి ల్యాప్‌టాప్ బంద్ చేసింది. మేం వచ్చేసరికి కుర్చీ ఖాళీ. తల్లీబిడ్డ ఇద్దరూ పోయిండ్రు.

మరునాడు మేమే ఇంటికి పోయి అడిగితే చెల్లె తల వంచుకొని చెప్పిన మాట ఇది: "నా చెయ్యి తగిలే ఖరాబైందనుకున్న అన్నా. పైసలు కట్టుమంటరేమో అని భయమైంది." ల్యాప్‌టాప్‌కు ఏం కాలేదు. అది దాని పని అది చక్కగనే చేసుకుంటున్నది. కానీ ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పేటట్టు మేం రాయలేదు. అవ్వ రెండోసారి కూలి వదులుకొని మళ్లీ రావాల్సి వచ్చింది. ఆఖరి తేదీ ఇంకా ఉన్నది కాబట్టి దరఖాస్తు పడ్డది. ఆఖరి రోజే అయితే? ఆ ఏడాది ఫీజు సంగతి ఏమయ్యేదో ఆలోచిస్తేనే గుండె జల్లుమంటది.

ఆ తర్వాత మా మధ్య మస్తు వాదన అయింది. ఒకరు "ల్యాప్‌టాప్ పాతది, కొత్తది కొంటె అయిపోతది" అన్నరు. ఇంకొకరు "ఆమెకు ఆగుమని చెప్పాల్సి ఉండె" అన్నరు. రాసిన తమ్ముళ్లు "పని అయితనే ఉన్నది కదా అన్నా, ప్రోగ్రాంలో తప్పేమున్నది" అన్నరు. మా అభిప్రాయం వేరు. పని నిదానంగా కావడం ఒక సంగతి, మనిషికి జవాబియ్యకపోవడం ఇంకో సంగతి. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటున్నం, తప్పంతా అక్కడున్నది. మొదటిదానికి పైసలు కావాలె. రెండోదానికి కావాల్సింది రాసేటోని బుద్ధి మాత్రమే.

అసలు స్క్రీన్ ఎందుకు బిగుసుకుపోతది? ఇది కంప్యూటర్ చదవనోళ్లకు కూడా అర్థం కావాలె, అందుకని మన పక్కనున్న సిరిసిల్ల సంగతి చెప్తం. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటరు. ఒక్క కార్మికుడు ఒకటి కంటే ఎక్కువ సాంచాలు చూసుకుంటడు. ఒకదాని దగ్గర పోగు తెగితే ముడేస్తడు, ఇంకోదాని దగ్గర కండె అయిపోతే మారుస్తడు, మళ్లీ మొదటిదాని దగ్గరికి వస్తడు. ఆయన ఎక్కడా ఎక్కువసేపు నిలబడడు కాబట్టే అన్ని సాంచాలూ నడుస్తయి. ఇగ ఆయన్నే కూర్చోబెట్టి "ఈ చిక్కుపడ్డ నూలు మొత్తం విప్పు" అంటే? చేతిలో పని ఆగదు, కానీ చుట్టూ ఉన్న సాంచాలన్నీ ఆగుతయి.

విండో ఉన్న ప్రతి ప్రోగ్రాంలోనూ అసుంటి కార్మికుడు ఒకడుంటడు. మెయిన్ థ్రెడ్ అంటరు. మీరు బటన్ నొక్కినా, అక్షరం కొట్టినా, విండోను పక్కకు జరిపినా, ఆ కబుర్లన్నీ ఒక వరుసలో నిలబడుతయి. మెయిన్ థ్రెడ్ ఆ వరుసలో నుంచి ఒక్కొక్కటి తీసుకొని, దాని పని చేసి, తర్వాతదానికి పోతది. స్క్రీన్ మీద బొమ్మ మళ్లీ గీసేదీ అదే. ఒక్కొక్క పని వెయ్యో వంతు సెకండ్లలో అయిపోతున్నంతసేపు మనకు అంతా చకచకా నడిచినట్టే కనబడుతది. మా తమ్ముళ్లు ఏం చేసిండ్రంటే, మూడు వందల ఫొటోల పని మొత్తాన్ని బటన్ నొక్కినప్పుడు జరిగే ఆ ఒక్క పనిలోనే పెట్టిండ్రు. ఆరు నిమిషాలు మెయిన్ థ్రెడ్ నూలు విప్పుకుంట కూర్చున్నది. చెల్లె నొక్కిన నొక్కుళ్లన్నీ వరుసలోనే నిలబడ్డయి. స్క్రీన్ గీసేటోడు లేక విండో తెల్లబడ్డది. ఒకవేళ ఆమె పవర్ బంద్ చెయ్యకుంటే ఇంకో తమాషా అయ్యేది: మొదటి పని కాంగనే వరుసలో ఉన్న రెండో నొక్కుడు, మూడో నొక్కుడు బయటికొచ్చి, అదే ఆరు నిమిషాల పనిని మళ్లీ రెండుసార్లు చేసేది.

ఇది మా ఒక్కరి సమస్య కాదు. ప్రోగ్రాంలు రాసేటోళ్లందరికీ పాత సమస్యే. ఒక విండో 5 సెకండ్లు తన వరుసను చూడకపోతే విండోస్ దాన్ని జవాబియ్యని ప్రోగ్రాం కింద లెక్కగడుతది. ఆండ్రాయిడ్‌లోనూ అంతే: వేలు తగిలి 5 సెకండ్లైనా యాప్ పలకకపోతే "ఆగుతవా, మూసేస్తవా" అని ఫోనే అడుగుతది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 నుంచి గూగుల్ ఇంకో అడుగు ముందుకేసింది. మెయిన్ థ్రెడ్ మీద నెట్‌వర్క్ పని పెడితే యాప్ అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేటట్టు చేసింది. అంటే "మనిషిని నెట్ కోసం నిలబెట్టి మౌనంగ ఉండకు" అన్న మాటను సలహాగ ఇడిసిపెట్టక, నియమం చేసింది.

మనిషి ఎంతసేపు ఓపిక పడుతడు అన్న లెక్క కూడా కొత్తది కాదు. 1968లోనే రాబర్ట్ మిల్లర్ అనే ఆయన దీని మీద రాసిండు. 1993లో జేకబ్ నీల్సన్ తన పుస్తకంలో మూడు హద్దులు చెప్పిండు. పదో వంతు సెకండ్‌లో జవాబొస్తే నేను చేసిందే జరిగిందని మనిషికి అనిపిస్తది. ఒక సెకండ్ దాకా ఆలోచన తెగదు. 10 సెకండ్లు దాటితే మనసు పక్కకు పోతది, అప్పుడు ఎంత అయింది, ఎంత మిగిలింది అన్నది చెప్పాల్సిందే. 1985లో బ్రాడ్ మయర్స్ అనే ఆయన పని ఎంత శాతం అయిందో చూపించే గీతల మీద పరిశోధన చేస్తే, మనుషులు ఆ గీత ఉండాలనే కోరుకున్నరు. గీత పెట్టినంత మాత్రాన పని తొందరగ కాదు. అయినా కోరుకున్నరు. ఎందుకో మనకు వేరే చెప్పాల్నా? జగిత్యాల బస్టాండుల నిలబడ్డప్పుడు "బస్సు ధర్మపురి దాటింది, వస్తున్నది" అని ఎవరన్న చెప్తే, ఆ అర్ధగంట మనం నిమ్మలంగ నిలబడుతం. ఎవరూ ఏమీ చెప్పకపోతే పది నిమిషాలకే ఆటో చూసుకుంటం.

ఇగ మా అసలు మాటకు వస్తున్నం. స్క్రీన్ బిగుసుకుంటే అందరికీ ఇబ్బందే, కానీ అందరికీ ఒకే తీరు ఇబ్బంది కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్ల కంప్యూటర్ చూసిన పిల్లగాడు స్క్రీన్ ఆగితే కంప్యూటర్‌ను తిడుతడు. మన పిల్ల తనను తాను తిట్టుకుంటది. కౌంటర్ల ముందు గంటలు నిలబడి, ఏదన్న అడిగితే కసురుకుంటరేమో అని భయపడి పెరిగినోళ్లం. మా అవ్వలు, బాపులు ఆఫీసుల ముందు చెప్పులు విడిచి నిలబడ్డోళ్లు. అసుంటి మనిషికి స్క్రీన్ జవాబియ్యకపోతే అది టెక్నికల్ లోపం లెక్క కనబడదు. "ఇది నాకోసం కాదు" అన్నట్టు కనబడుతది. అందుకే మనం మనోళ్లకోసం రాసే ప్రోగ్రాం మిగతావాటికంటే ఎక్కువ పలకాలె. మనోళ్లకు రాస్తున్నం కదా ఎట్లున్నా నడుస్తది అనుకోవడం మనకు మనమే చేసుకునే అన్యాయం.

బయట కూడా ఈ కథ నడుస్తనే ఉన్నది. మా మిత్రుడొకడు ఒక పరీక్ష ఫీజు కడుతుంటే పేజీ మీద చక్రం తిరుగుతనే ఉన్నది, ఏ మాటా రాలేదు. మళ్లీ నొక్కిండు. పైసలు రెండుసార్లు కట్ అయినయి. తర్వాత తిరిగొచ్చినయి గని ఆ వారం రోజులు వాడు హాస్టల్‌ల అప్పు చేసి బతికిండు. ఏ పేజీ అన్నది ఇక్కడ ముచ్చట కాదు. తిరిగే చక్రం కూడా జవాబు కాదు అన్నది ముచ్చట. పని నడుస్తున్నదా, నడిమిట్ల తెగిపోయిందా, మళ్లీ నొక్కచ్చా వద్దా అన్నది చెప్పకుంటే, చక్రం తిరిగినా తిరగకున్నా ఒకటే.

మరి రాసేటోళ్లం ఏం చెయ్యాలె? పాలిటెక్నిక్‌ల, బీటెక్‌ల, డిగ్రీల కంప్యూటర్స్ చదువుతున్న మన గ్రూపు పిల్లలు ఈ భాగం జర నిదానంగ చదవండి. మేం ఆ ప్రోగ్రాంను మళ్లీ రాసినం. నేర్చుకున్నది వరుసగ చెప్తం.

మొదటిది, పొడుగు పనిని మెయిన్ థ్రెడ్ నుంచి తీసి వేరే థ్రెడ్‌కు ఇయ్యాలె. బటన్ నొక్కంగనే మెయిన్ థ్రెడ్ చేసేది రెండే: పనోణ్ని లేపుడు, వెంటనే తన వరుస దగ్గరికి తిరిగొచ్చుడు. ఫొటోలను చిన్నగ చేసేది పనోడు. మా ఫొటోల పని చాలామటుకు సీ భాషలో రాసిన లైబ్రరీ లోపల జరుగుతది, కాబట్టి పైథాన్‌లో థ్రెడ్ సరిపోయింది. అదే పైథాన్‌లోనే రాసిన పెద్ద లెక్కలైతే మామూలు పైథాన్‌లో ఒకసారికి ఒక్క థ్రెడ్డే నడుస్తది కాబట్టి విండో నత్త లెక్క కదులుతది. అప్పుడు పనిని వేరే ప్రాసెస్‌కే ఇయ్యాలె.

రెండోది, పనోడు స్క్రీన్‌ను ముట్టద్దు. ఇక్కడనే చానామంది పడిపోతరు. మేం కూడా పడ్డం. వేరే థ్రెడ్ నుంచి నేరుగ బటన్ మీది అక్షరాలు మారిస్తే ఒక్కోసారి నడుస్తది, ఒక్కోసారి ప్రోగ్రాం కుప్పకూలుతది, ఎందుకో పట్టుకోవడం కష్టం. స్క్రీన్ మెయిన్ థ్రెడ్ సొత్తు. పనోడు తన కబురును ఒక క్యూలో వెయ్యాలె: "47వది అయింది". మెయిన్ థ్రెడ్ పదో వంతు సెకండ్‌కు ఒకసారి ఆ క్యూలోకి తొంగిచూసి, కబురుంటే స్క్రీన్ మీద రాయాలె. టికింటర్‌లో ఆఫ్టర్ అనే ఫంక్షన్‌తో ఇది అయితది. క్యూటీలో సిగ్నళ్లు ఉన్నయి. జావా స్వింగ్‌లో 2006లో వచ్చిన జావా 6 నుంచి స్వింగ్‌వర్కర్ ఉన్నది. పేర్లు వేరు, నీతి ఒక్కటే.

మూడోది, ముందుగాల చెప్పాలె, నడుమ చెప్పాలె, అయినంక చెప్పాలె. ఇప్పుడు మా ప్రోగ్రాం బటన్ నొక్కంగనే పని మొదలుపెట్టదు. "ఫోల్డర్‌లో 312 ఫొటోలు ఉన్నయి. అన్నీ చెయ్యాల్నా, నీ ఫొటోలే చెయ్యాల్నా?" అని అడుగుతది. ఆ ఒక్క ప్రశ్న ముందే ఉంటే చెల్లెకు ఆరు నిమిషాల పని అర నిమిషంలో అయిపోయేది. నడుస్తున్నప్పుడు "312లో 47వది" అని చూపుతది. శాతం కంటే ఈ లెక్క మనోళ్లకు తొందరగ అర్థమైతది. ఎంత మిగిలిందో నిజంగ తెలియని పని అయితే అబద్ధం గీత గీయద్దు. 99 దగ్గర పది నిమిషాలు ఆగే గీతను ఒక్కసారి చూసినోడు మళ్లీ ఏ గీతనూ నమ్మడు. "సర్వర్ జవాబు కోసం చూస్తున్నం, 20 సెకండ్లైంది" అని ఉన్నదున్నట్టు చెప్తే సాలు.

నాలుగోది, ఆపే హక్కు ఇయ్యాలె. "ఆపు" అనే బటన్ ఉండాలె, అది పని నడుస్తున్నప్పుడు కూడా పలకాలె. థ్రెడ్‌ను గొంతు పిసికి చంపుడు కాదు. ఒక జెండా పెట్టాలె. పనోడు ఒక్కో ఫొటో కాంగనే ఆ జెండాను చూసి, లేచి ఉంటే చేతిలో పని మర్యాదగ ముగించి ఆగాలె. అయిపోయినవి అట్లనే ఉండాలె. మళ్లీ మొదలుపెడితే మిగిలినవే చెయ్యాలె.

ఐదోది, రెండోసారి నొక్కితే ఏమైతదో ముందే ఆలోచించాలె. పని నడుస్తున్నంతసేపు ఆ బటన్ పనిచెయ్యకుండ పెట్టి, ఎందుకు పనిచేస్తలేదో పక్కన రాయాలె. పైసలు, దరఖాస్తుల లాంటి పనులైతే స్క్రీన్ మీద బటన్ ఆపుడు ఒక్కటే సరిపోదు. ప్రతి దరఖాస్తుకు ఒక నంబర్ ఇచ్చి, అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ కొత్తగ లెక్కలోకి తీసుకోకుండ రాయాలె.

ఆరోది, కరెంటు పోతదని అనుకొనే రాయాలె. ఫైల్‌ను ముందు తాత్కాలికం పేరుతో రాసి, పూర్తయినంకనే అసలు పేరు పెట్టాలె. అప్పుడు నడిమిట్ల ల్యాప్‌టాప్ బంద్ అయినా సగం రాసిన పీడీఎఫ్‌ను మంచిదనుకొని ఎవరూ అప్‌లోడ్ చెయ్యరు.

ఫోన్ యాప్‌లు రాసేటోళ్లకు ఒక మాట. పాత పాఠాలల్ల కనిపించే అసింక్‌టాస్క్‌ను 2020లో ఆండ్రాయిడ్ 11తో పక్కన పెట్టిండ్రు. ఇప్పుడు కాట్లిన్ కోరూటీన్లు నేర్చుకోండి. యాప్ మూసినా ఆగకూడని పనికి వర్క్‌మేనేజర్ ఉన్నది. వెబ్ పేజీలు రాసేటోళ్లకు ఇంకో మాట. బ్రౌజర్‌లో కూడా పేజీకి మెయిన్ థ్రెడ్ ఒకటే. అక్కడ 50 మిల్లీసెకండ్లు దాటిన పనిని పొడుగు పని అంటరు. పెద్ద లెక్కలుంటే వెబ్ వర్కర్‌కు పంపాలె, లేకుంటే ముక్కలు ముక్కలుగ చేసి నడుమ బ్రౌజర్‌కు ఊపిరి పీల్చుకోనియ్యాలె. 2024 మార్చి నుంచి గూగుల్ పేజీల నాణ్యత లెక్కలో నొక్కినంక ఎంతసేపటికి స్క్రీన్ మీద మార్పు కనబడ్డది అన్న కొలత కూడా చేరింది. 200 మిల్లీసెకండ్ల లోపల ఉంటే మంచిదని దాని లెక్క.

ఇగ ఎదురు వాదనలు కూడా చెప్పుకోవాలె, లేకుంటే న్యాయం కాదు.

"థ్రెడ్లు పెడితే కొత్త తప్పులు వస్తయి" అంటరు. నిజమే, వస్తయి. ఇద్దరు ఒకే ఫైల్‌ను ఒకేసారి రాస్తే ఖరాబైతది. అందుకే అన్నింటికీ థ్రెడ్ అక్కరలేదు. పదో వంతు సెకండ్‌లో అయ్యే పనిని ఉన్నచోటే ఉండనియ్యండి. పనిని చిన్న ముక్కలు చేసి మెయిన్ థ్రెడ్ మీదనే ఒక్కో ముక్క నడిపించే దారి కూడా ఉన్నది, చిన్న ప్రోగ్రాంలకు అది సాలు. కానీ పని నడిమిట్ల "ఒకసారి వరుస చూసి రా" అని మెయిన్ థ్రెడ్‌ను పిలిచే అడ్డదారి ఉన్నది చూడుండ్రి, దాంతో జాగ్రత్త. అది వరుస చూసి వచ్చేటప్పుడు మళ్లీ అదే బటన్ నొక్కుడు దొరికితే, మొదటి పని కాకముందే రెండో పని దాని లోపలనే మొదలైతది.

"ఇవన్నీ పెద్ద కంపెనీల సోకులు, మనకు పని అయితే సాలు" అంటరు. మా గ్రూపులోనే అన్నరు. మా జవాబు ఒక్కటే: ఆ రోజు పని కాలేదు. లోపల ప్రోగ్రాం చక్కగనే నడిచింది, బయట పని కాలేదు. మనిషి భయపడి లేచిపోతే ప్రోగ్రాం ఎంత మంచిదైతే ఏంది?

"జనానికి ఆగుడు నేర్పాలె" అంటరు. మనోళ్లకు ఆగుడు ఎవరూ నేర్పనక్కరలేదు. తరాల నుంచి ఆగుతనే ఉన్నరు. నేర్చుకోవాల్సింది ఆగబెట్టేటోళ్లు, అంటే ఇప్పుడు మనమే.

ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్నమంటే, మన చదువు, మన బతుకు స్క్రీన్ గుండానే పోతున్నయి. 2011లో మీసేవ వచ్చింది, 2016లో డిగ్రీ సీట్లకు దోస్త్ వచ్చింది, స్కాలర్‌షిప్‌లకు ఈపాస్ ఉన్నది. బ్యాంకు, రేషన్, గల్ఫ్ పోయిన అన్న పంపే పైసల మెసేజ్, అన్నీ అందులోనే. ఇప్పటిదాకా మనం ఆ స్క్రీన్ ఇవతల కూర్చున్నోళ్లం. ఇప్పుడు మనలో కొందరు అవతలికి పోతున్నరు, రాసేటోళ్లు అవుతున్నరు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరు మీద ఉన్న గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ లిపిలో పాత రాతప్రతులను ఎక్కించే పని, మన తాతల పాటలను రికార్డు చేసి దాచే పని, ఇవన్నీ నిమిషాలు, గంటలు పట్టే పనులే. ఆ ప్రోగ్రాంలు ఎవరో వచ్చి రాసియ్యరు, మనమే రాయాలె. రాసినప్పుడు వాటి ముందు కూర్చునేది పెద్దమనుషులు, ముసలోళ్లు. వాళ్లను మళ్లీ ఒక కౌంటర్ ముందు నిలబెట్టినట్టు నిలబెడుదామా?

అందుకని మన గ్రూపుకు మా విన్నపం ఇది. ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా, కాలేజీ ప్రాజెక్టు అయినా సరే, ఇచ్చేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. కావాలనే పనిలో 30 సెకండ్ల ఆలస్యం పెట్టండి. విండోను పట్టుకొని జరిపి చూడండి, జరుగుతున్నదా? "ఆపు" నొక్కండి, పలుకుతున్నదా? బటన్‌ను మూడుసార్లు నొక్కండి, మూడు పనులు మొదలైతున్నయా? నెట్ తీసెయ్యండి, ఏమన్న చెప్తున్నదా? అన్నింటికంటే ముఖ్యం, కంప్యూటర్ ఎక్కువ వాడని మనిషిని కూర్చోబెట్టి, మీరు నోరు మూసుకొని పక్కన నిలబడండి. ఆ మనిషి మీ దిక్కు తిరిగి మొఖం చూసిందంటే, అక్కడ మీ స్క్రీన్ ఒక మాట చెప్పాల్సి ఉండె, చెప్పలేదు. ఆ చోటు రాసిపెట్టుకోండి.

మేం కొత్త ప్రోగ్రాంను మొదట ఆ చెల్లెకే చూపించినం. ఆమె ఫొటోలతోనే పరీక్ష చేసినం. "ప్రాసెసింగ్" అని మేం రాసినదాన్ని చూసి "ఇదేంది అన్నా" అన్నది. "మరేం రాయమంటవు చెల్లె" అంటే జర సేపు ఆలోచించి చెప్పింది. ఇప్పుడు మా స్క్రీన్ మీద ఆమె చెప్పిన మాటలే ఉన్నయి: "పని నడుస్తున్నది. ఏం ఖరాబు కాలేదు. జర ఆగు."

ఈసారి దరఖాస్తుల టైంలో ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది ఆ చెల్లెనే. ప్రోగ్రాం కావాల్సినోళ్లు అడగండి, కోడ్‌తో సహా ఇస్తం. అందులో తప్పులుంటే మొఖమాటం లేకుండ చెప్పండి, దిద్దుకుంటం.

జోహార్లతో,
బుగ్గారం మండల గిరిజన విద్యార్థులం